వెబ్ పుట నిర్మాణమున అక్షర ప్రమాణము: తెలుగు లిపి దృష్టితో ఒక పరిశీలన

1. ప్రస్తావన

తెలుగు లక్షణకర్తల దృష్టిలో అక్షరమను మాటకు స్థిరమైన అర్థము కలదు. కేవలము అచ్చు గాని, ఒకటియో పెక్కులో హల్లులతో గూడిన అచ్చు గాని ఒక అక్షరమగును. ‘స్త్రీ’ అను పదమున మూడు హల్లులును ఒక అచ్చును ఉన్నను, ఛందస్సునందు అది ఒక్క అక్షరమే, ఒక్క గురువే. బడిలో గణవిభజన నేర్చిన బాలునకును ఇది తెలియును. కాని నేడు తెలుగు వాఙ్మయమును లోకమునకు అందించుచున్న వెబ్ పుటకు ఈ సంగతి చాలకాలము తెలియలేదు. ఇప్పటికిని కొంత తెలిసినది, కొంత తెలియవలసియున్నది.

వెబ్ పుటలో చదువరి కంటికి కనబడు భాగమును నిర్మించు శిల్పమును నిపుణులు ఫ్రంట్ ఎండ్ అని వ్యవహరింతురు. ఆ శిల్పమును అక్షర ప్రమాణ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇది యంత్ర నిపుణుల విషయమే కాని భాషా పండితుల విషయము కాదని కొందరు తలపవచ్చును. తెలుగు రాష్ట్రములకు వెలుపల బోధించు మావంటి వారికి ఆ ఉపేక్ష తగదు. మా విద్యార్థులలో పలువురకు తెలుగు గ్రంథాలయము దూరము, చరవాణి దగ్గర. వారు పద్యమును తొలుత చూచునది తెరమీదనే. వత్తు విడిపోయిన పద్యమును తెరపై చూచిన విద్యార్థి అది కవి దోషమో, పాఠ దోషమో, పుట దోషమో గుర్తింపజాలడు. ఇతర భారతీయ భాషల బోధకులకును ఈ చిక్కు క్రొత్తది కాదు. కావున ఇట చెప్పబోవు విషయము తెలుగునకు మాత్రమే పరిమితము కాదు.

2. పుటకు మూడు అంగములు

వెబ్ పుటకు రచన, వేషము, చేష్ట అని మూడు అంగములున్నవని చెప్పవచ్చును. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పద్యము అని నిర్దేశించు రచనాంగము హెచ్.టి.ఎమ్.ఎల్. దీనిని టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయమున రూపొందించెను; అతని తొలి వెబ్ పుటలు 1991లో లోకమునకు తెలిసినవి. అక్షరముల పరిమాణమును, రంగును, పంక్తుల ఎడమును నిర్ణయించు వేషాంగము సి.ఎస్.ఎస్. దీనిని హోకన్ వియమ్ లీ 1994లో ప్రతిపాదింపగా, తొలి ప్రమాణము 1996 డిసెంబరులో వెలువడెను. చదువరి తాకిడికి పుట స్పందించునట్లు చేయు చేష్టాంగము జావాస్క్రిప్టు. దానిని బ్రెండన్ ఐక్ 1995లో రచించెను.

రచనను వేషమునుండి వేరుచేయుట ఈ శిల్పమునకు మూలసూత్రము. ఒకే పాఠమును కాగితముపై ఒక తీరున, విశాలమైన తెరపై ఒక తీరున, అరచేతిలోని తెరపై ఒక తీరున చూపుటకు ఇదియే కారణము. సూత్రము సర్వభాషా సాధారణమే. కాని ఆ సూత్రము ననుసరించి పుట్టిన నియమములలో పెక్కింటికి రోమను లిపియే ఆదర్శమైనది. ఆ లిపిలో వర్ణములు విడివిడిగా ఒకదాని ప్రక్కన ఒకటి నిలుచును. ఒక సంకేతము, ఒక రూపము, ఒక లెక్క. మన లిపులలో ఈ మూడును ఏకము కావు. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది.

3. ఒక అక్షరము, నాలుగు లెక్కలు

భారతీయ లిపుల కొరకు ఇస్కీ అను సంకేత పద్ధతి 1988లో ఏర్పడి, 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడెను. 1991లోనే వెలువడిన యూనికోడ్ తొలి ప్రతి 1988 నాటి ఇస్కీ క్రమమును ఆధారముగా గొని తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. ఈ రెంటిలోను సంయుక్తాక్షరములకు వేర్వేరు స్థానములు లేవు. హల్లు, పొల్లు గుర్తు, మరల హల్లు అని వరుసగా వ్రాసినచో సంయుక్తాక్షరమగును. వ్యాకరణ దృష్టితో ఇది సమంజసమైన ఏర్పాటు.

అయినను తెలుగు పుటలు ఈ మార్గమున వెంటనే నడువలేదు. 1990ల చివర ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటును కల్పించుకొని, రోమను వర్ణముల స్థానములలో తెలుగు రూపములను నిలిపినది. ఆ ఫాంటు లేనివానికి పుట అర్థము కాని రోమను వర్ణముల గుంపుగా కనబడెడిది. ఒక పత్రికలోని మాటను మరియొక పత్రికలో వెదకుటకు వీలుండెడిది కాదు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి. గౌతమి అను తెలుగు ఫాంటుతో వచ్చుటయు, బ్రౌజరులు యూనికోడును క్రమముగా అవలంబించుటయు ఈ అరాచకమును తొలగించినవి.

ఇక ‘స్త్రీ’ అను అక్షరమునే నేటి పద్ధతిలో పరీక్షింతము. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఇందు ఆరు సంకేతములు కలవు. యు.టి.ఎఫ్.-8 అను నిక్షేప పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము 3 బైట్ల స్థలమును ఆక్రమించును కావున నిల్వ లెక్కలో ఈ అక్షరము 18. జావాస్క్రిప్టును పొడవు అడిగినచో 6 అనును. యూనికోడ్ నిర్వచించిన వర్ణ సముదాయముల నియమము ప్రకారము 2023 వరకు ఇది స్, త్, రీ అని 3. తెలుగు చదువరికి 1. నాలుగు లెక్కలలో మూడు యంత్రమునకు ఉపయోగించును. చదువరికి కావలసినది నాల్గవది.

ఇందు ఒక విశేషము గమనింపదగినది. ఈత్వపు గుర్తు వరుసలో అందరికంటె చివర నున్నది; కాని తెలుగున అది మొదటి హల్లగు సకారముపై నిలుచును, తకార రేఫములు వత్తులగును. దేవనాగరిలోనైతే ఈకార మాత్ర గుచ్ఛమంతటికి కుడిప్రక్కన నిలుచును. అనగా తెలుగున చివరి సంకేతము మొదటి హల్లు రూపమునే మార్చుచున్నది. గుచ్ఛమును ఎచ్చట ఛేదించినను మిగిలిన భాగము యథాతథముగా నిలువదు.

ఈ రూపకల్పనను నడుపునది ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమములును, వానిని చదివి అమలుపరచు హార్ఫ్‌బజ్ వంటి యంత్రాంగమును. ఆ యంత్రాంగము సంకేతముల వరుసను గుచ్ఛములుగా విభజించి, వత్తులను గుర్తించి, రూపములను మార్చి, స్థానములను నిర్ణయించును. కావున అక్షరమును చిత్రించు పొరకు అక్షరమన నేమో తెలియును. దానిని లెక్కించు పొరకు, ఖండించు పొరకు తెలియదు. తెలుగు పుటలలో కనబడు దోషములలో పెక్కింటికి ఈ వైషమ్యమే మూలమని నా అభిప్రాయము.

4. ఖండన దోషములు

పుటలోని చిన్న గడిలో పేరు పట్టనప్పుడు నిర్మాత దానిని ఇన్ని సంకేతములకు కత్తిరింపుమని జావాస్క్రిప్టుతో చెప్పును. ‘లక్ష్మి’ అను పేరున ఏడు సంకేతములు కలవు. నాలుగింటికి కత్తిరించినచో మిగులునది ‘లక్ష’. ఐదింటికి కత్తిరించినచో ‘లక్ష్’. ఆరింటికైనచో ‘లక్ష్మ’. మొదటిది వేరొక పదము, రెండవది పదమే కాదు, మూడవది అసంపూర్ణము. రోమను లిపిలో కత్తిరించిన పేరు కుఱుచయగును. తెలుగున కత్తిరించిన పేరు మాఱిపోవును.

మనుష్యుని చిత్రమునకు బదులుగా పేరులోని మొదటి వర్ణమును గుండ్రని గడిలో చూపుట నేటి పుటలలో పరిపాటి. అచ్చట ‘శ్రీనివాస్’ అను వ్యక్తి ‘శ’ అగును, ‘జ్యోతి’ ‘జ’ అగును. అధ్యాయాదిని మొదటి అక్షరమును పెద్దదిగా చూపుటకు సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణమునందే ఫస్ట్-లెటర్ అను ఏర్పాటు కలదు. సంయుక్తాక్షరముతో ఆరంభమగు పేరాకు దీనిని ప్రయోగించి, బ్రౌజరు గుచ్ఛమును గ్రహింపనిచో మొదటి హల్లు మాత్రమే పెరిగి వత్తు దూరమగును.

ఈ దోషములకు నివారణ లేకపోలేదు. 2023 సెప్టెంబరున వెలువడిన యూనికోడ్ 15.1 దేవనాగరి, బెంగాలి, గుజరాతి, ఒడియా, తెలుగు, మలయాళ లిపులలో పొల్లుచే కలుపబడిన హల్లులను ఒకే వర్ణ సముదాయముగా గణింపవలెనని నియమించినది. ఆ లెక్కలో ‘స్త్రీ’ ఒకటియే. జావాస్క్రిప్టులో సెగ్మెంటర్ అను సాధనము ఈ నియమమును అనుసరించి పాఠమును విభజించును. 2024 నాటికి ప్రధాన బ్రౌజరులన్నియు దీనిని అంగీకరించినవి. సి.ఎస్.ఎస్. నిర్ణయములును వర్ణ సముదాయమునే ముద్రణ ప్రమాణముగా గ్రహించి, భాషానుసారముగా దానిని సవరించుకొను స్వాతంత్ర్యమును బ్రౌజరులకు ఇచ్చినవి. కావున నేడు పేరును సంకేతముల లెక్కతో కత్తిరించు నిర్మాతకు సాధనము లేదను సాకు చెల్లదు.

5. కార్యభేదమును బట్టి ప్రమాణభేదము

అయినను యంత్రపు వర్ణ సముదాయము మన అక్షరముతో పూర్తిగా సమానమని తలపరాదు. ‘పొలమున్’ అను రూపమును చూడుడు. యంత్రము దీనిని పొ, ల, ము, న్ అని నాలుగుగా విభజించును. ఛందస్సున చివరి పొల్లు పూర్వాక్షరముతో చేరును కావున పొ, ల, మున్ అని మూడు, చివరిది గురువు. సెగ్మెంటరును నమ్మి గణవిభజన చేయు పుట ద్రుతాంతమైన ప్రతిచోటను తప్పుచెప్పును. పూర్వాక్షరముతో పొల్లును చేర్చు సూత్రము నొకదానిని నిర్మాత అదనముగా వ్రాయవలెను. యంత్ర నిపుణునకు ఈ సూత్రము తోచదు. తెలుగు ఉపాధ్యాయునకు వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఈ భేదము ఛందస్సుతో ఆగదు. పంక్తి చివర పదమును విఱువవలసినప్పుడు ‘పొలము’ ఒక పంక్తిలోను ‘న్’ మరుపంక్తి మొదటను పడుట ఏ ముద్రాపకునికిని సమ్మతము కాదు. కావున పంక్తి విభజనకును పొల్లు పూర్వాక్షరములోని భాగమే. కాని చెరుపు మీట నొక్కినప్పుడు మాత్రము వ్రాయువాడు అక్షరమంతయు పోవలెనని కోరడు. తప్పుపడిన గుణితము మాత్రమే పోవలెనని కోరును. అచ్చట సంకేతమే సరియైన ప్రమాణము.

కావున మనము కోరవలసినది ఒకే ప్రమాణము కాదు. దిద్దుటకు సంకేతము, చూపుటకు లేఖ్యాక్షరము, విఱుచుటకును గణించుటకును పొల్లుతో గూడిన అక్షరము అని కార్యమును బట్టి ప్రమాణము మారవలెను. ఈ వివేకము నిర్మాతకు కలుగజేయుట భాషాశాస్త్రజ్ఞుని పని.

6. నిలువు కొలతయు, రోమను అలంకారములును

రోమను వర్ణము పంక్తిపై ఒకే అంతస్తుగా నిలుచును. తెలుగు అక్షరమునకు తలకట్టు, గుడి మున్నగునవి మీదను, వత్తులు క్రిందను ఉండును. రెండు వత్తులున్నచో లోతు మరింత పెరుగును. రోమను పాఠమునకు సరిపోవు పంక్తి ఎత్తును తెలుగు పాఠమునకు యథాతథముగా ఇచ్చినచో పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. శీర్షికను నిర్ణీతమైన ఎత్తుగల పెట్టెలో నుంచి, మించినదానిని దాచుమని ఆదేశించినచో వత్తుల అడుగులు తెగిపోవును. అక్షర పరిమాణమునకు ఒకటిన్నరకు తక్కువ కాని పంక్తి ఎత్తు తెలుగు పేరాకు అవసరమని నా అభిప్రాయము. ఫాంటును బట్టి ఇంకను పెంపవలసివచ్చును. ఈ కొలతను స్థిరమైన సంఖ్యగా గాక పరిమాణమునకు నిష్పత్తిగా ఈయవలెను. అప్పుడు చదువరి అక్షరములను పెంచుకొన్నను పంక్తులు ఒకదానినొకటి తాకవు.

రోమను ముద్రణకు సహజములైన అలంకారములలో కొన్ని మనకు చెల్లవు. పెద్దబడి అక్షరములు మనకు లేవు. వానిచే శీర్షికను గుర్తింపజేయు పుట తెలుగున శీర్షికా భేదమునే కోల్పోవును. గ్రంథనామములను వాలు అక్షరములలో చూపుట రోమను సంప్రదాయము. వాలు రూపములు లేని తెలుగు ఫాంటును బ్రౌజరు బలవంతముగా ప్రక్కకు వంచి చూపును. ఇట్టి కృత్రిమ రూపములను నిషేధించుటకు సి.ఎస్.ఎస్.లో ఫాంట్-సింథసిస్ అను ధర్మము కలదు. బరువు భేదముచేతనో ఉద్ధరణ చిహ్నములచేతనో గ్రంథనామమును చూపుట మేలు. అక్షరముల నడుమ ఎడము పెంచుటయు విచారింపదగినదే. తెలుగున గుచ్ఛము చీలకుండినంతవరకు అది సహ్యము. దేవనాగరిలో శిరోరేఖ తెగును కావున అసహ్యము. అడుగు గీత వత్తులను ఖండించును లేదా వత్తు వచ్చిన చోటనెల్ల తాను తెగి చుక్కల వరుసవలె కనబడును. గీతను క్రిందికి జరుపు ధర్మము నేడు కలదు. తెలుగు పుటలలో దానిని ఉపయోగించుట అవశ్యము.

ఈ నియమములన్నియు తెలుగు పాఠమునకు మాత్రమే వర్తింపవలెనన్నచో, ఇది తెలుగు అని రచనాంగమున భాషా సూచిక నుంచవలెను. ఆ చిన్న సూచికయే పఠన యంత్రమునకు తెలుగు గొంతును ఎన్నుకొనుమని చెప్పును. చూపు లేని చదువరికి దాని విలువ ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు. దానిని విస్మరించిన పుటలు కొల్లలు.

7. ఫాంటుల రవాణా

పుటతో పాటు ఫాంటును పంపు ఏర్పాటు 1998 నాటి సి.ఎస్.ఎస్. రెండవ ప్రమాణముననే ఉన్నది. కుదించిన ఫాంటు రూపమగు వాఫ్ 2012లోను, మరింత కుదించు వాఫ్2 2018లోను ప్రమాణములైనవి. తెలుగునకు వందలకొలది సంయుక్త రూపములు కావలయును కావున ఫాంటు బరువు సహజముగా ఎక్కువ. ఈ కుదింపు మనకు అధికముగా ఉపకరించును. ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం, మండలి వంటి పేర్లతో స్వేచ్ఛగా వాడుకొనదగిన ఫాంటులు నేడు లభించుచున్నవి. అనేక్ తెలుగు అను ఫాంటు ఒకే దస్త్రమున బరువును వెడల్పును మార్చుకొను సదుపాయము కలది. పండిత గ్రంథ ముద్రణ దృష్టితో తయారైన టిరో తెలుగు దీర్ఘ పఠనమునకు అనుకూలము.

బరువు తగ్గించుటకు నిర్మాతలు ఫాంటులో తెలుగు స్థానములను మాత్రమే నిలిపి తక్కినవానిని తొలగింతురు. ఇందు ఒక మోసము కలదు. పద్యాంతమున మనము వాడు దండము యూనికోడులో దేవనాగరి స్థానములలో నున్నది. తెలుగు 128 స్థానములను మాత్రమే నిలిపినచో దండము వేరొక ఫాంటునుండి వచ్చి పద్యము చివర అతుకువలె కనబడును. దంత్య చ, జలకు ప్రత్యేక వర్ణములు 2008లోను, నకారపొల్లు 2021లోను యూనికోడున చేరినవి. ఇవి లేని పాత ఫాంటుతో శాసనపాఠమును ప్రకటించినచో ఒకే పదమున రెండు ఫాంటులు కనబడును, లేదా వర్ణమునకు బదులు శూన్యమైన పెట్టె కనబడును. కావున ప్రాచీన పాఠమును ప్రకటించువాడు ముందుగా తన పాఠములోని వర్ణముల పట్టికను తయారుచేసికొని, దానితో ఫాంటును సరిచూడవలెను.

8. పద్యమును చిన్న తెరపై నిలుపుట

తెర వెడల్పును బట్టి ఒదుగు పుట శిల్పమునకు ఈథన్ మార్కాట్ 2010లో ప్రకటించిన వ్యాసముతో రెస్పాన్సివ్ డిజైన్ అను పేరు స్థిరపడెను. తెరను బట్టి నియమములను మార్చు మీడియా క్వెరీలు 2012లో ప్రమాణములైనవి. వచనమునకు ఈ శిల్పము చక్కగా సరిపోవును. పద్యమునకు మాత్రము ఆలోచన అవసరము.

ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, చంపకమాలకు 21. చదువదగిన పరిమాణమున ఇన్ని అక్షరములు చరవాణి తెరపై ఒక పంక్తిలో ఇముడుట అరుదు. పాదము విఱిగి మరుపంక్తికి దిగినచో ఎచ్చట పాదము ముగిసినదో తెలియదు. యతి ప్రాసలు కంటికి అందవు. అక్షరములను కుదించుట పరిష్కారము కాదు. పాదమును ప్రత్యేకాంశముగా రచనాంగమున గుర్తించి, విఱిగిన భాగమును మాత్రము లోపలికి జరుపుట సరియైన మార్గము. ఎడమ ప్రక్కన ఖాళీ నిచ్చి, మొదటి పంక్తిని అంతే మేర వెనుకకు లాగు రెండు ధర్మములతో ఇది సిద్ధించును. అప్పుడు ప్రాసాక్షరములు ఎడమ అంచున సుమారు ఒకే నిలువు వరుసలో నిలిచి విద్యార్థికి దారి చూపును.

పంక్తి నిడివిని కొలుచుటకు నిర్మాతలు తరచుగా వాడు ‘సి.హెచ్.’ అను కొలత సున్న అను అంకె వెడల్పుపై ఆధారపడినది. రోమను వర్ణములకు అది సుమారైన మాపము. వెడల్పైన తెలుగు అక్షరములకు అది మాపము కాజాలదు. తెలుగున పంక్తి నిడివిని నమూనా పాఠముతో పరీక్షించియే నిర్ణయింపవలెను.

దీర్ఘ సమాసములు మరియొక సమస్య. ఎడము లేని సమాసము తెర అంచును దాటి పోవును. ఎచ్చటనైనను విఱువుమని ఆజ్ఞాపించుట సులభము. కాని పైన చెప్పిన పొల్లు దోషము అచ్చట సంభవింపవచ్చును. టెక్ అను ముద్రణ వ్యవస్థకు తెలుగు పద విభజన సూత్రములు ఎవరో ముందే సమకూర్చియున్నారు. ఆ మార్గమున విఱుపు స్థానములను అదృశ్య చిహ్నముతో సూచించి, తెలుగునకు అనవసరమైన చిన్న గీత కనబడకుండ చేయుటకు సి.ఎస్.ఎస్.లో ధర్మము కలదు. సమాసమును పూర్వోత్తర పదముల సంధిలో విఱిచినచో అర్థబోధయు సుకరమగును. ఆ చోటును చూపవలసినవాడు వైయాకరణుడే.

9. భాషా విభాగముల కర్తవ్యము

వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థ భారతీయ లిపుల పుట విన్యాసమునకు కావలసిన నియమములను గూర్చి చిత్తుప్రతిని ప్రకటించియున్నది. బ్రౌజరు నిర్మాతలు అట్టి పత్రములను చూచియే తమ పనిని సవరించుకొందురు. మనము చెప్పనిచో వారు ఊహింతురు. ఊహ రోమను లిపి వైపు మొగ్గుట సహజము.

కావున విభాగములు మూడు పనులు చేపట్టవలెనని సూచించుచున్నాను. మొదటిది, పరీక్షా పదముల పట్టిక. స్త్రీ, లక్ష్మి, పొలమున్, వార్‌ధి వంటి కల్పిత రూపములు, ద్రుతాంతములు, అరసున్న గల పదములు, అన్యదేశ్యములు ఇందు చేరవలెను; ప్రతి పదమునకు లేఖ్యాక్షరముల సంఖ్య, ఛందోక్షరముల సంఖ్య, విఱువదగిన చోటులు చూపవలెను. రెండవది, తెలుగు ముద్రణ సంప్రదాయమును పరిశీలించి పంక్తి విభజన, పద్య విన్యాసములను గూర్చి సూత్రములను వ్రాయుట. మా పెద్దలు ఎఱిగిన ముద్రాపకుల అలవాట్లు ఏ గ్రంథమునను లేవు. వారితో పాటు అవి పోకముందే సేకరింపవలెను. మూడవది, తాము ప్రకటించు పాఠములను బొమ్మలుగా గాక, భాషా సూచికతో గూడిన యూనికోడ్ పాఠములుగా ప్రకటించుట. బొమ్మగా నున్న పద్యమును వెదకలేము, పెంచి చదువలేము, వినలేము.

తాళపత్రమునుండి కాగితమునకు వచ్చినప్పుడు లేఖకులును, కాగితమునుండి సీసపు అచ్చునకు వచ్చినప్పుడు పండిత పరిష్కర్తలును లిపికి కావలి కాసిరి. తెరకు వచ్చిన నేడు ఆ కావలి ఇంచుమించు ఖాళీగా నున్నది. దానిని నింపుటకు కొత్త శాస్త్రమును సృష్టింప పనిలేదు. అక్షరమనగా నేమో మనకు తెలిసినదానిని యంత్రమును నడుపువానికి తెలియునట్లు వ్రాసి ఇచ్చిన చాలును.